పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనకు వచ్చిన ఆలోచనలను ఎలా వర్గీకరించాలి, పనిని ఎలా పంచాలి?

ప్రశ్న: జీవశాస్త్ర ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. మాది కనిగిరి వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. దసరా సెలవులు ముగిసిన కొన్ని వారాలకు పాఠశాల స్థాయిలో వైజ్ఞానిక ప్రదర్శన పెట్టి, అందులో నిలిచినవాటిని మండల, జిల్లా స్థాయిలకు పంపాలని మా హెచ్‌ఎం గారు నిర్ణయించి, ఆ బాధ్యతను నాకు అప్పగించారు. 8, 9 తరగతుల పిల్లలను తలా ఒక ఆలోచన కాగితం మీద రాసి ఇమ్మంటే 40కి పైగా వచ్చాయి. యూట్యూబ్ చూసి రాసినవి చాలానే ఉన్నా, తమ ఇంటి చుట్టుపక్కల గమనించి రాసినవీ తక్కువేమీ లేవు.

వీటిని ఆనవాయితీ ప్రకారం భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, గణితం, పర్యావరణం అని ఐదు కట్టలుగా విడదీయబోయాను. సిరంజిల జేసీబీ (సిరంజిల్లోని నీటి ఒత్తిడితో కదిలే బొమ్మ జేసీబీ) భౌతికశాస్త్రంలోకి, మందార పూల రసంతో ఆమ్లక్షారాలను గుర్తించడం రసాయనశాస్త్రంలోకి తేలిగ్గానే వెళ్లిపోయాయి. కానీ కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయన్నది, మా ఊరి చేతిపంపుల నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందన్నది, దోమ లార్వాలను గంబూసియా చేపలు ఎంత త్వరగా తింటాయన్నది, రొట్టె ముక్క మీద బూజు ఎక్కడ ముందు పడుతుందన్నది ఏ కట్టలో పెట్టినా, పక్క కట్టలో ఉండాల్సినవేమో అనిపిస్తున్నాయి. అంతకన్నా పెద్ద ఇబ్బంది మరొకటి ఉంది. ఒకే కట్టలో ఉన్న రెండు ప్రాజెక్టుల్లో ఒకటి రెండు రోజుల్లో తేలిపోయేది, మరొకటి రెండు నెలలు పట్టేది కావడంతో, కట్టల వారీగా పని ప్రణాళిక వేయడం కుదరడం లేదు.

సబ్జెక్టు కాకుండా వేరే ప్రాతిపదిక మీద వర్గీకరించినవారు ఉంటే దయచేసి వివరించండి. అలాగే సిరంజిల జేసీబీ, సోడా ఉప్పు అగ్నిపర్వతం వంటివాటిని పిల్లల మనసు నొప్పించకుండా ఎలా పక్కన పెట్టాలో కూడా చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, అనంతపురం

మేడమ్, సబ్జెక్టుల వారీ కట్టలు న్యాయనిర్ణేతలను పంచడానికి పనికివస్తాయి గాని, పిల్లలకు పని పంచడానికి పనికిరావు. నేను న్యాయనిర్ణేతగా వెళ్లిన ప్రదర్శనలన్నింటిలోనూ ఒకే తరహా చిక్కు చూశాను: పుస్తకంలో ఉన్న సూత్రాన్ని నమూనాగా చూపించే పిల్లవాడినీ, రోజూ కొలతలు తీసుకుని పట్టిక నింపిన పిల్లవాడినీ పక్కపక్కన నిలబెట్టి ఒకే కొలబద్దతో మార్కులు వేయమంటారు. రంగులు, మోటారు, లైట్లు ఉన్నవాడు గెలుస్తాడు. అందుకని కాగితం చేతికి రాగానే అది ఏ శాస్త్రానికి చెందినదని కాక, విద్యార్థి ఏం చేయబోతున్నాడని అడగండి. తెలిసిన సూత్రాన్ని చూపిస్తున్నాడా, తెలియని సంగతిని కొలిచి తెలుసుకుంటున్నాడా, ఒక అవసరానికి వస్తువు తయారుచేస్తున్నాడా, ఊళ్లో తిరిగి అక్కడున్న పరిస్థితిని నమోదు చేస్తున్నాడా? ఈ నాలుగు ప్రశ్నలతో మీ కాగితాలలో చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. వీటిని నమూనా, ప్రయోగం, రూపకల్పన, సర్వే అనుకుందాం.

మీ కుండ ఆలోచననే తీసుకోండి. "కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి" అని రాసినంత కాలం అది నమూనాయే. జవాబు పాఠ్యపుస్తకంలో ఉంది, పిల్లవాడు దాన్ని చార్టు మీదికి ఎక్కిస్తాడు. "కొత్త కుండ, ఏళ్ల తరబడి వాడిన కుండ ఒకేలా చల్లబరుస్తాయా" అని మార్చగానే ప్రయోగం అవుతుంది, ఎందుకంటే పాత కుండ రంధ్రాల్లో నీటి లవణాలు పేరుకుని ఊట తగ్గుతుందన్న అనుమానాన్ని కొలతతోనే తేల్చాలి. మీ ప్రాంతపు నీటికి ఆ ప్రశ్న మరీ తగినది. రెండు కుండల మధ్య తడి ఇసుక నింపి కూరగాయలు నిల్వచేసే పాత్ర చేస్తే రూపకల్పన. ఎన్ని ఇళ్లలో ఇంకా కుండ వాడుతున్నారు, ఫ్రిజ్ వచ్చాక ఎందుకు మానేశారు అని అడిగితే సర్వే. విషయం ఒక్కటే అయినా నాలుగింటికీ పట్టే కాలం, కావలసిన సామాను, తోడు ఉండవలసిన మనిషి పూర్తిగా వేరు.

ప్రయోగంగా చేయిస్తే ఎంత దూరం వెళ్లవచ్చో, పాత కుండ జోలికి పోకముందు చేయదగిన తేలికైన పోలికతో కొంచెం వివరంగా చెబుతాను. ఒకే కుమ్మరి దగ్గర ఒకే సైజువి రెండు చిన్న కుండలు తీసుకుని, రాత్రంతా నీళ్లలో నాననిచ్చి, ఒకదానికి బయట పాలిథిన్ కవరు గట్టిగా చుట్టాలి. కవరు చుట్టిన కుండ గోడల నుంచి నీరు ఆవిరి కాదు కాబట్టి అదే మన పోలిక. రెండింటిలోనూ రెండేసి లీటర్ల నీళ్లు పోసి, నీడలో పెట్టి, అరగంటకోసారి ఉష్ణోగ్రతతో పాటు బరువు కూడా చూడాలి. ఐదు కిలోల వరకు తూచే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. రెండు లీటర్ల నీరు 6 డిగ్రీలు చల్లబడాలంటే సుమారు 50 కిలోజౌళ్ల వేడి పోవాలి; మామూలు ఉష్ణోగ్రతల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. కాబట్టి లెక్క ప్రకారం 21 గ్రాముల నీరు తగ్గితే సరిపోవాలి. త్రాసు మీద అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది, ఎందుకంటే కుండ మట్టి కూడా చల్లబడాలి, చుట్టూ ఉన్న గాలి నుంచి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ తేడాను తొమ్మిదో తరగతి పిల్లవాడు తన మాటల్లో వివరించగలిగితే నేనైతే మరో ప్రశ్న అడగను. పక్కనే ఇంకో థర్మామీటరు బల్బుకు తడి గుడ్డ చుట్టి వేలాడదీయండి. అది చూపే ఉష్ణోగ్రత కన్నా దిగువకు కుండ నీరు ఎప్పటికీ వెళ్లదు. కాబట్టి ఇదే కుండ ఒంగోలు తీరాన ఉక్కపోతలో కన్నా కనిగిరి పొడి గాలిలో ఎందుకు బాగా పనిచేస్తుందో కూడా పిల్లవాడికి అర్థమవుతుంది.

జవాబు 2: భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా

మాస్టారు చెప్పిన నాలుగు రకాలతో నాకు పేచీ లేదు గాని, బయటికి పంపే దరఖాస్తులో ఆ గడులు ఉండవన్నది మేడమ్ గుర్తుంచుకోవాలి. ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) వారి రాష్ట్రీయ బాల వైజ్ఞానిక ప్రదర్శన మార్గంలో జిల్లా స్థాయికి వెళ్లేవి ఆ ఏడాది ప్రకటించిన ప్రధాన ఇతివృత్తం కింద ఏదో ఒక ఉప ఇతివృత్తంలో నమోదు కావాలి. 2024-25లో సుస్థిర భవిష్యత్తు కోసం శాస్త్ర సాంకేతికత అన్న ఇతివృత్తం కింద ఆహారం-ఆరోగ్యం, రవాణా-సమాచారం, ప్రకృతి వ్యవసాయం, విపత్తు నిర్వహణ, గణిత నమూనాలు, వ్యర్థాల నిర్వహణ, వనరుల నిర్వహణ అని ఏడు ఇచ్చారు. మీ కుండ అందులో వనరుల నిర్వహణ కిందికి వస్తుంది, ఫ్లోరైడ్ ఆరోగ్యం కిందికి వస్తుంది. కాబట్టి ప్రతి కాగితం మీద రెండు ముద్రలు వేయండి: ఒకటి పని రకం, అది మీ లోపలి వాడకానికి, రెండోది ఉప ఇతివృత్తం, అది దరఖాస్తుకు. మొదటిది ఖరారయ్యే దాకా రెండోదాని జోలికి పోవద్దు. ఇతివృత్తానికి సరిపోవాలని ప్రశ్నను వంచితే పిల్లవాడికి తన ప్రాజెక్టు తనకే అర్థం కాకుండా పోతుంది.

సిరంజిల జేసీబీని పక్కన పెట్టవద్దనే నా అభిప్రాయం. హైదరాబాద్ కోఠిలో, గుజరాతీ గల్లీలో మోటార్లూ బోర్డులూ కొని అతికించినదాని కన్నా అదే నయం, పిల్లవాడు చేత్తో చేసినది కదా. దాన్ని నమూనా నుంచి ప్రయోగంలోకి మార్చండి. సన్న సిరంజి మీద బరువులు పెడుతూ లావు సిరంజి ఎంత బరువు ఎత్తుతుందో చూసి, పాస్కల్ సూత్రం (మూసి ఉన్న ద్రవంలో ఒత్తిడి అన్నివైపులా సమానంగా పాకుతుందన్నది) చెప్పిన నిష్పత్తికీ వచ్చిన నిష్పత్తికీ ఎంత తేడా ఉందో కనుక్కోమనండి. ఇక్కడ పిల్లలందరూ తప్పు చేసే చోటు ఒకటుంది: సిరంజి మీద రాసిన 5, 20 మిల్లీలీటర్ల అంకెలతో నిష్పత్తి కడతారు. అది ఘనపరిమాణం. కావలసింది పిస్టన్ వైశాల్యం. కాబట్టి లోపలి వ్యాసాలను కొలిచి వాటి వర్గాల నిష్పత్తి తీసుకోవాలి. తరువాత నీటి బదులు గాలి నింపి చూడమనండి, హైడ్రాలిక్ యంత్రంలో ద్రవం ఎందుకు ఉండాలో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. రబ్బరు పిస్టన్ రాపిడి వల్ల తక్కువ బరువుల దగ్గర ఫలితం బాగా దెబ్బతింటుంది. అది దాచవలసిన సంగతి కాదు, రాయవలసిన సంగతి.

అగ్నిపర్వతం మాత్రం వదిలేయండి. సోడా ఉప్పు, వెనిగర్ చర్యకూ లావాకూ సంబంధమే లేదు.

రూపకల్పన కట్టలో నిజంగా కొత్త ఆలోచన కనిపిస్తే దాన్ని విద్యార్థుల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్-మానక్ పురస్కారానికి వేరుగా తీసి ఉంచండి. అక్కడ ఎంపికైతే నమూనా తయారీకి విద్యార్థి ఖాతాలోనే 10,000 రూపాయలు పడతాయి, కానీ అడిగేది సొంత ఆలోచన. కుండ ప్రయోగం ఎంత బాగా చేసినా అక్కడికి పనికిరాదు.

జవాబు 3: ప్రవాస తెలుగు తల్లి, టెక్సాస్

మా పిల్లలు ఇక్కడ చదువుకోవడం వల్ల ఈ ప్రదర్శనలతో పరిచయమై, కొన్నేళ్లుగా మా ప్రాంతీయ సైన్స్ ఫెయిర్‌లో న్యాయనిర్ణేతగా పనిచేస్తున్నాను. ఇక్కడి ప్రాంతీయ పోటీలు 1950లో ఫిలడెల్ఫియాలో మొదలైన అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్ నిబంధనలనే పాటిస్తాయి. అందులో విభాగాలు ఇరవైకి పైగా ఉన్నాయి కాబట్టి, ఏ విభాగంలో చేరాలన్న తికమక ఇక్కడి పిల్లలకు ఇంకా ఎక్కువ. వారికి ఇచ్చే సలహా నాకు బాగా నచ్చింది: నీ ప్రాజెక్టును సరిగా అంచనా వేయడానికి ఏ రంగం తెలిసిన న్యాయనిర్ణేత కావాలో ఆలోచించు, ఆ విభాగంలో చేరు. దోమ లార్వాల ప్రాజెక్టును చూడవలసింది రసాయనం తెలిసినవారా, కీటకాలు తెలిసినవారా అని అడిగితే సందిగ్ధం చాలావరకు తీరిపోతుంది.

అయితే మేడమ్ జాబితా చూడగానే నాకు తట్టినది మరో వర్గీకరణ. అన్నిటికన్నా ముందు చేయవలసింది అదేనని నా నమ్మకం. మనుషుల నుంచి వివరాలు సేకరించేవి, వెన్నెముక ఉన్న జంతువులను వాడేవి, సూక్ష్మజీవులను పెంచేవి, ప్రమాదకర రసాయనాలను వాడేవి అన్నవాటిని మొదటే పక్కకు తీయాలి. ఇక్కడ వీటిలో మొదటి మూడు రకాలకు పని మొదలుపెట్టక ముందే కమిటీ అనుమతి కావాలి. పని అయ్యాక కాగితాలు పెడితే పోటీ నుంచే తీసేస్తారు. లార్వాలకు ఈ నిబంధన వర్తించదు గాని గంబూసియా చేప సకశేరుకం కాబట్టి వర్తిస్తుంది. ఇంటి దగ్గర బ్యాక్టీరియా పెంచడం పూర్తిగా నిషేధం. రొట్టె మీద బూజు వరకు మినహాయింపు ఉంది, అదీ బూజు మొదటిసారి కనిపించగానే ప్రయోగం ఆపేస్తేనే. నిజానికి ఆ షరతు ప్రశ్నను మెరుగుపరుస్తుంది. బూజు ఎంత పెరిగిందని కాక, ఎన్ని గంటలకు మొదట కనిపించిందని అడిగితే కొలత కచ్చితంగా ఉంటుంది, మూత తీసి వాసన చూసే అవసరమూ రాదు. ముక్కలను జిప్ కవర్లలో మూసి ఉంచి, చివరికి కవరుతో సహా పారేయాలి.

ఈ నిబంధనలు మీ ప్రదర్శనకు వర్తించవని తెలుసు. అయినా కమిటీ లేని చోట ఆ జాగ్రత్త పూర్తిగా గైడ్ టీచరు మీదే పడుతుంది.

జవాబు 4: బాలల సైన్స్ కాంగ్రెస్ గైడ్ టీచరు, కడప జిల్లా

మేడమ్, మీ ఫ్లోరైడ్ కాగితాన్ని దయచేసి స్టాల్ మీద చార్టుగా ముగించవద్దు. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కు అచ్చంగా సరిపోయే ఆలోచన అది. అక్కడ నమూనా అడగరు. స్థానిక సమస్య మీద పిల్లలు జట్టుగా తిరిగి సేకరించిన వివరాలు, లాగ్‌బుక్, వాటి నుంచి తేలినది అడుగుతారు. ఊళ్లోని బోర్లు, చేతిపంపులు ఎక్కడెక్కడ ఉన్నాయో చేత్తో పటం గీసి, ప్రతిదాని లోతు యజమానిని అడిగి రాసుకుని, పంచాయతీ దగ్గర ఉండే నీటి పరీక్ష కిట్టుతో ఫ్లోరైడ్ చూసి, వాటిలో కొన్ని నమూనాలను గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు పంపి పోల్చవచ్చు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పరిమితి. కిట్టులో రంగును కంటితో పోల్చడం కాబట్టి ఆ పరిమితికి అటూ ఇటూ ఉన్న నమూనాలనే ల్యాబుకు పంపడం తెలివైన పని. ఒక్క జాగ్రత్త: పిల్లలు ఇంటింటికీ వెళ్లి ఫ్లోరైడ్ మరకలున్నాయేమోనని ఎవరి దంతాలనూ పరీక్షించకూడదు, పటం మీద ఇంటి యజమానుల పేర్లు రాయకూడదు. ఒక బోరు నీరు మంచిది కాదని బడి ప్రకటించినట్టయితే ఊళ్లో గొడవ మొదలవుతుంది. ఫలితాన్ని ముందు సర్పంచి గారికి చూపించి, తరువాతే బయటపెట్టండి.

ఇక కాల ప్రణాళిక. ప్రదర్శన తేదీ నుంచి వెనక్కి లెక్కించండి. చివరి వారం చార్టులకు, మాట్లాడటం సాధన చేయడానికి పోతుంది. దసరా సెలవుల్లో కొలతలు ఆగిపోతాయి. ఎఫ్‌ఏ (బడిలో ఏడాది మధ్యమధ్య జరిగే మూల్యాంకనం) పరీక్షల వారంలో ఎవరూ కనిపించరు. మిగిలేదే అసలు కాలం. అందులో మొదట కూర్చోబెట్టవలసినవి ప్రకృతి తన వేగంతో చేసే పనులు. వానపాముల ఎరువు తయారు కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ ఆలోచన ఎవరైనా రాసి ఉంటే ఈ వారమే తొట్టి నింపాలి, లేదా ఈ ఏడాదికి వద్దని చెప్పాలి. పెసలు రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి కాబట్టి అదే ప్రయోగాన్ని ఉప్పునీటి గాఢత మారుస్తూ ఎన్నోసార్లు చేయించవచ్చు. పల్లెటూరి బడికి పెసలను మించిన ప్రయోగ వస్తువు లేదని నా ఉద్దేశం. ప్రయోగం కట్టలో ఉన్న ప్రతి జట్టుతోనూ ముందుగా ఒక చిన్న తొలి విడత చేయించండి. థర్మామీటరు పగలడం, త్రాసు బ్యాటరీ అయిపోవడం, పెసలను ఎలుక తినడం అన్నీ అప్పుడే బయటపడతాయి.

లాగ్‌బుక్ విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. ఎఫ్‌ఏ మార్కుల కోసం రాసే ప్రాజెక్టు పని లాగా చివరి రోజున ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో అందంగా నింపిన పుస్తకాన్ని ఏ న్యాయనిర్ణేతైనా ఇట్టే పట్టేస్తారు. కొట్టివేతలు, నీటి మరకలు, "ఈ రోజు వాన, కొలవలేదు" అన్న వాక్యం ఉన్న పుస్తకానికి ఎక్కువ విలువ. ఎన్‌సీఈఆర్‌టీ మూల్యాంకనంలోనూ పిల్లల సొంత సృజనకు 20 శాతం, వివరించే తీరుకు 10 శాతం మార్కులు ఉంటాయి గాని, మన బళ్లలో శ్రమంతా ఆ పది శాతానికే పోతోంది.

ప్రశ్న వేసినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టు కాగితాలను మళ్లీ సర్దితే సగానికి పైగా నమూనా కట్టలోకే వెళ్లాయి. వాటిలో కొన్నింటిని పిల్లల చేతే ప్రశ్నలుగా మార్చి రాయిస్తున్నాను. జేసీబీ జట్టు వ్యాసాలు కొలవడానికి స్కేలుతో సిద్ధమైంది. అగ్నిపర్వతం రాసిన అమ్మాయి పెసల జట్టులో చేరింది. గంబూసియా విషయంలో చేపలను బడికి తేవడం మానేసి, చేపలు వదిలిన కుంటలోనూ, వదలని కుంటలోనూ ఒకే గరిటెతో ముంచి లార్వాలను లెక్కించడంగా మార్చాం, అంటే అది ఇప్పుడు సర్వే కట్టలో ఉంది. లార్వాలను సీసాలో నిల్వ ఉంచకుండా లెక్క కాగానే నేల మీద పారబోయమని చెప్పాను. లోతు లేని అంచు దగ్గరే ముంచాలని, పెద్దవారు తోడు లేకుండా కుంటల దగ్గరికి వెళ్లవద్దని కూడా గట్టిగా చెప్పాను.

మాస్టారూ, ఒక సందేహం మిగిలింది. కుండ ప్రయోగానికి గంటలు పడుతుంది, న్యాయనిర్ణేతలు బల్ల దగ్గర ఐదు నిమిషాలకు మించి నిలబడరు. ఆ రోజు ఏం చూపించాలి?

జవాబు 1 రాసినవారి స్పందన

మేడమ్, ఆ రోజు ప్రయోగం కొత్తగా చేయనవసరం లేదు, కొనసాగుతూ ఉంటే చాలు. గంట కొట్టక ముందే రెండు కుండలూ నింపి, రెండింటి బరువూ ఉష్ణోగ్రతా పలక మీద రాయించండి. న్యాయనిర్ణేతలు వచ్చేసరికి మూడు నాలుగు కొలతలు చేరి ఉంటాయి. తరువాతి కొలతను వారి ముందే, వీలైతే వారి చేతే తీయించమని పిల్లవాడికి చెప్పండి. పాత రోజుల గ్రాఫులు వెనుక గోడ మీద, లాగ్‌బుక్ బల్ల మీద తెరిచి ఉండాలి. ఆ రోజు మబ్బు పట్టి ఉక్కగా ఉంటే కుండ సరిగా చల్లబడదు, పిల్లవాడు కంగారు పడతాడు. తడి గుడ్డ థర్మామీటరును చూపించి ఈ రోజు ఇంతకన్నా దిగదని చెప్పడం ముందే నేర్పండి. బల్లను ఎక్కడ వేస్తారో కూడా ముందే చూసుకోండి. రెండు కుండలకూ ఒకే గాలి తగలాలి. ఒకటి ఫ్యాను కిందా మరొకటి గోడ వారనా ఉంటే నేనైతే మొదట అడిగే ప్రశ్న దాని గురించే.